రంపం పాడిన పాట

సామిల్లు పక్కన ఇల్లున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ వ్యాసంలో సగం సంగతి మీకు చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నాను, వినండి.

పొద్దున్న ఎనిమిదింటికి మోటారు వేస్తారు. ముందు చిన్న మూలుగులా మొదలవుతుంది. అది పెరిగి పెరిగి హోరవుతుంది. అప్పుడు దుంగని ముందుకు తోస్తారు. రంపం పళ్ళు చెక్కలో దిగగానే ఆ హోరు కాస్తా గర్జన అవుతుంది. పక్కింట్లో గోడ మీద క్యాలెండరు వణుకుతుంది. గ్లాసులో మంచినీళ్ళు వణుకుతాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటే అక్కడా అదే వణుకు!

మా నాన్న గోదావరి ఒడ్డున ఓ ఊళ్ళో అలాంటి మిల్లులో రంపం దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. మా ఇల్లు ఆ మిల్లు ప్రహరీ వెనకే. నా ఎక్కాలూ, పద్యాలూ ఆ హోరులోనే బట్టీ పట్టాను. రేడియోలో సినిమా పాట వినాలంటే మిల్లువాళ్ళు భోజనాలకి లేచేదాకా ఆగాల్సిందే. "ఈ గోల ఎప్పుడు వదులుతుందిరా భగవంతుడా!" అనుకుంటూ పెరిగాను.

వదిలింది. డిగ్రీ చదువుకని హైదరాబాదు వచ్చి హాస్టల్లో చేరాను. చేరిన రెండో నెలలో ఓ రాత్రి మా రూమ్మేటు నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి, "మావా, ఇది విను" అన్నాడు.

ఏమని చెప్పను! రెండు వందల మైళ్ళ అవతల వదిలేసి వచ్చాననుకున్న సామిల్లు నా చెవుల్లో మళ్ళీ మొదలైంది. ముందు ఓ మనిషి కేక. దాని వెనకాలే రంపం... అదే హోరు, అదే వణుకు. కాకపోతే ఒక్క తేడా ఉంది. ఈ రంపం రాగం తీస్తోంది!

"ఏ మిల్లురా ఇది?" అన్నాను. వాడు పడీ పడీ నవ్వి, "మిల్లు కాదు మావా, గిటారు" అన్నాడు.

ఆ గిటారు కథే ఇది.

మొహమాటపు కుర్రాళ్ళు

ఆ ఆల్బం పేరు 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'. ఆ బృందం పేరు 'ఎంటూమ్డ్'. అంటే సమాధిలో పెట్టబడ్డవాళ్ళని అర్థం. ఊరు స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోమ్. విడుదలైన సంవత్సరం 1990. రకం 'డెత్ మెటల్'.

పేరు చూసి జడుసుకోకండి. రాక్ సంగీతంలో గిటారు మోత బాగా ముదిరితే హెవీ మెటల్ అయింది. అది ఇంకా వేగం పుంజుకుని, పాడే గొంతు అరుపు దాటి గర్జన అయ్యి, పాటల్లో చావూ, స్మశానమూ కథావస్తువులైతే డెత్ మెటల్ అయింది. 1980ల నడిమి కాలంలో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో ఇది పుట్టి పెరిగింది. 'డెత్' అనే పేరుతోనే ఉన్న బృందం తొలి ఆల్బం 1987లో వచ్చింది. మన దగ్గర దెయ్యం సినిమాలు చూసి కేకలు వేసే వయసుంటుందే, సరిగ్గా ఆ వయసు కుర్రాళ్ళు ఆ దేశాల్లో ఈ పాటలకు అభిమానులయ్యారు.

ఆ రోజుల్లో ఇంటర్నెట్టా, పాడా? ఒకడు క్యాసెట్టు కాపీ చేసి పోస్టులో పంపితే, ఇంకొకడు దాన్ని కాపీ చేసి మరో దేశానికి పంపేవాడు. అలా పోస్టుమేన్ సంచిలో ఎక్కి స్టాక్‌హోమ్ చేరింది డెత్ మెటల్. అక్కడి కుర్రాళ్ళు కొందరు 1987లో 'నిహిలిస్ట్' అని ఓ బృందం పెట్టుకున్నారు. డ్రమ్సు వాయించేది నికే ఆండర్సన్. పాటల్లో ఎక్కువ భాగం కట్టింది కూడా అతనే. గిటార్ల మీద ఉఫే సెడర్లుండ్, అలెక్స్ హెల్లిడ్. గొంతు ఎల్‌జీ పెట్రోవ్‌ది. తమాషా ఏమిటంటే, ఈ పెట్రోవ్ అంతకు ముందు 'మోర్బిడ్' అనే బృందంలో డ్రమ్సు వాయించేవాడు!

1989 వేసవి నాటికి బేసు గిటారు వాయించే యోహన్నీ హెడ్లుండ్‌తో మిగతావాళ్ళకు పొసగలేదు. 'నువ్వు వెళ్ళిపో' అని మొహం మీద చెప్పడానికి మొహమాటం. అందుకని ఏం చేశారో తెలుసా? బృందాన్నే రద్దు చేసేశారు. కొద్ది రోజులాగి, అతను తప్ప మిగతావాళ్ళంతా కలిసి కొత్త పేరు పెట్టుకున్నారు. అదే ఎంటూమ్డ్! గుమాస్తాని తీసెయ్యడానికి మొహమాటపడి ఆఫీసే మూసేసి, పక్క వీధిలో కొత్త బోర్డు కట్టినట్టన్న మాట. ఆ హెడ్లుండ్ కూడా ఊరుకోలేదు. 'అన్‌లీష్డ్' అని సొంత బృందం పెట్టి తనూ పైకొచ్చాడు. పోనీలెండి, ఎవరి దారి వాళ్ళది.

అసలు హీరో అరచేతంత

ఇక ఆ రంపం సంగతికి వద్దాం.

మన గుళ్ళో ఉత్సవాలప్పుడు మైకుసెట్టు వాడు హుషారెక్కి సౌండు పూర్తిగా పెంచేస్తాడు. అప్పుడేమవుతుంది? ఘంటసాల గొంతు కూడా గరగరలాడుతుంది. కారణం చిన్నదే. కరెంటు రూపంలో వచ్చే ధ్వని అల ఆ యంత్రం మొయ్యగలిగిన దానికన్నా ఎత్తుకు లేవబోతుంది. యంత్రం మొయ్యలేక అల తల నరికేస్తుంది. తల తెగిన అలలోంచి, అసలు పాటలో లేని కొత్త ధ్వనులు పుట్టుకొస్తాయి. మైకుసెట్టు వాడికి అది పొరపాటు. గిటారిస్టుకి అదే సరుకు! దాన్నే 'డిస్టార్షన్' అంటారు.

ఆ పని చెయ్యడానికి కాలితో నొక్కే చిన్న పెట్టెలుంటాయి. పెడల్ అంటారు. జపానుకు చెందిన బాస్ కంపెనీ 1983లో 'హెచ్ఎమ్-2 హెవీ మెటల్' అని ఒక పెడల్ తెచ్చింది. నల్ల పెట్టె, నారింజ రంగు అక్షరాలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఇంట్లో చిన్న ఆంప్లిఫయరు పెట్టుకున్నా, స్టేజి మీద నిలువెత్తు ఆంప్లిఫయర్లు పేర్చినంత ఘనంగా వినిపించాలన్నది తయారు చేసినవాళ్ళ ఆలోచన. దాని మీద నాలుగు నాబులుంటాయి. సౌండు ఎంతుండాలో ఒకటి చెబుతుంది. డిస్టార్షన్ ఎంతుండాలో మరొకటి. మధ్యలో రెండు 'కలర్ మిక్స్' నాబులు. ఒకటి కింది స్వరాలను పెంచేది, రెండోది పైవాటిని పెంచేది.

బుద్ధిమంతులు ఎవరైనా ఏం చేస్తారు? దీన్ని కాస్త, దాన్ని కాస్త తిప్పి, చెవికి ఇంపుగా కుదిరేదాకా సరిచూసుకుంటారు. పప్పులో ఉప్పు వేసినట్టు!

స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు నాలుగు నాబులూ చివరిదాకా తిప్పేశారు.

అలా తిప్పితే లోపల జరిగేదేమిటంటే, ఆ పెట్టెలోని సర్క్యూట్టు ఒక పక్క వంద హెర్ట్జుల దగ్గర కింది స్వరాలను ఎత్తి పెడుతుంది. ఇంకో పక్క వెయ్యి హెర్ట్జుల చుట్టుపక్కల ధ్వనిని గట్టిగా పైకి తోస్తుంది. కింద మోటారు హోరు, పైన పళ్ళు చెక్కని కోసే గరగర. సామిల్లులో ఉండేవి సరిగ్గా ఈ రెండే! దీనికి తోడు గిటారు తీగల్ని మామూలు శ్రుతి కన్నా బాగా కిందికి దించి కట్టారు. వదులైన తీగ, తల తెగిన అల, నాలుగు నాబులు... వెరసి రంపం. ఆ సంగీతం తెలిసినవాళ్ళు ఈ సౌండుకి పెట్టిన పేరు కూడా 'రంపపు సౌండే'. నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు.

రికార్డు మీద లేని పేరు

ఇంతకీ ఆ నాబులు తిప్పిన చెయ్యి ఎవరిది?

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. నిహిలిస్ట్ రోజుల్లో ఆ బృందంలో లీఫ్ కుజ్నర్ అని ఒకడుండేవాడు. మొదట బేసు, తర్వాత గిటారు వాయించాడు. హెచ్ఎమ్-2 నాబులన్నీ పూర్తిగా తిప్పి ఈ సౌండుని పట్టుకున్నది అతనేనని ఆ కాలం నాటి స్టాక్‌హోమ్ సంగీతకారులు చెబుతారు. కానీ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'లో అతను ఒక్క తీగ కూడా మీటలేదు. రికార్డింగు నాటికి అతను బృందంలోనే లేడు. కుటుంబంతో కెనడా వెళ్ళిపోయాడు. 2006లో చనిపోయాడు.

మన సినిమా పాటల్లో చూడండి. పల్లవికీ చరణానికీ మధ్య ఓ వేణువు ముక్క వస్తుంది. ఊరు ఊరంతా ఈలలేసి పాడుకుంటుంది. కానీ ఆ వేణువు ఊదిందెవరో టైటిల్సులో ఎన్నిసార్లు చదివారు మీరు? లీఫ్ కుజ్నర్ కథా అంతే. ఆ సౌండు వేల మంది గిటారిస్టులకు అన్నం పెట్టింది. అతని పేరు తెలిసినవాళ్ళు మాత్రం కొద్దిమంది. అందుకే ఈ వ్యాసంలో ఆ పేరు చిన్న అక్షరాల్లో కాకుండా, ఇలా నట్టనడుమ రాస్తున్నాను.

సన్‌లైట్‌లో చీకటి

1989 డిసెంబరు. స్టాక్‌హోమ్‌లో ఆ నెల పగలంటే ఆరేడు గంటలే. మధ్యాహ్నం మూడింటికే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. అలాంటి చీకటి రోజుల్లో ఈ ఆల్బం రికార్డు చేసిన స్టూడియో పేరేమిటో తెలుసా? 'సన్‌లైట్'... సూర్యకాంతి!

ఆ స్టూడియో తోమాస్ స్కోగ్స్‌బెరీది. సౌండు పట్టిందీ అతనే. వేరే చోటయితే, "బాబూ, ఆ గరగర కాస్త తగ్గించు" అని ఉండేవారేమో. అతను ఆ గరగరనే నడుమ కూర్చోబెట్టి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దాడు. నికేకీ, పెట్రోవ్‌కీ అప్పటికి పదిహేడేళ్ళు. మన దగ్గర ఇంటర్ సెకండియర్! బేసు వాయించేవాడు లేకపోతే ఉన్నవాళ్ళే ఆ పనీ కానిచ్చేశారు.

డ్రమ్సు సంగతి వేరేగా చెప్పుకోవాలి. అమెరికా డెత్ మెటల్లో డ్రమ్సు లెక్క తప్పని గడియారంలా పరుగెడుతుంది. నికే వాయింపులో ఇంగ్లండు పంక్ సంగీతపు వాసన ఉంది. 'డిస్‌ఛార్జ్' అనే పంక్ బృందం వాడిన ఉరుకుల పరుగుల తాళం అది. కాలు నేల మీద ఆననివ్వదు. ఉన్నట్టుండి తాళం సగానికి పడిపోతుంది. రంపంలోకి పెద్ద దుంగ వచ్చినప్పుడు మోటారు బరువుగా మూలుగుతుందే, అచ్చం అలాగ! మళ్ళీ ఉన్నట్టుండి పరుగు. ఈ పట్టూ విడుపూ తెలియడం వల్లే ఆల్బం నలభై నిమిషాలూ విసుగు పుట్టదు.

ఇక పెట్రోవ్ గొంతు. ఈ గర్జన మామూలుగా మనం మాట్లాడే స్వరతంత్రులతో మాత్రమే పుట్టేది కాదు. వాటికి కాస్త పైన కపట స్వరతంత్రులని మరో జత మడతలు ఉంటాయి. వాటిని కూడా వణికిస్తే ఈ గొంతు వస్తుంది. చాలామంది గాయకులు ఇలా పాడితే తూము లోంచి వచ్చినట్టు మాటలన్నీ కలిసిపోతాయి. పెట్రోవ్ గొంతులో మాట తెలుస్తుంది, మనిషీ తెలుస్తాడు. అతను భయపెడుతున్నట్టు ఉండదు. ఏదో మోయలేని బరువు మోస్తూ కేక వేసినట్టుంటుంది. పాటల పేర్లు కూడా చూడండి. 'డ్రౌన్డ్' అంటే మునిగిపోయినవాడు, 'బిటర్ లాస్' అంటే చేదు నష్టం, 'బట్ లైఫ్ గోస్ ఆన్' అంటే అయినా బతుకు సాగుతుంది. పదిహేడేళ్ళ పిల్లలు పెట్టిన పేర్లు ఇవి!

రికార్డు విడుదల చేసింది ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌కి చెందిన 'ఇయర్‌ఏక్' కంపెనీ. ఇయర్‌ఏక్ అంటే చెవిపోటు. కొనేవాడిని ముందే హెచ్చరించడమంటే ఇదీ! అట్ట మీద బొమ్మ గీసింది డాన్ సీగ్రేవ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. దెయ్యాలకు కూడా దారి తప్పేలాంటి లోకం ఒకటి అందులో గీశాడు.

ఓ దెయ్యం సినిమా బాణీ

'సినిమా పత్రికలో ఈ గోలేమిటండీ?' అని ఇప్పటికే కొందరు పాఠకులు నొసలు చిట్లించి ఉంటారు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

ఆల్బం పేరుతోనే ఉన్న మొదటి పాట ఆరున్నర నిమిషాలు దాటుతుంది. మొదట అంతా పరుగు. ఆ తర్వాత హఠాత్తుగా నెమ్మదించి, గుండె బరువెక్కే ఓ బాణీ వినిపిస్తుంది. అది ఈ కుర్రాళ్ళ సొంతం కాదు. 1979లో వచ్చిన 'ఫాంటాజమ్' అనే అమెరికన్ దెయ్యం సినిమా నేపథ్య సంగీతం నుంచి తీసుకున్నది. ఆ సినిమాకు సంగీతం ఫ్రెడ్ మైరో, మాల్కమ్ సీగ్రేవ్.

సినిమా తీసిన డాన్ కాస్కరెల్లీకి అది విడుదలైనప్పుడు పాతికేళ్ళు. డబ్బు తక్కువ. అందుకని రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగు అన్నీ తనే చూసుకున్నాడు. స్మశానం పక్కన శవాలను సిద్ధం చేసే భవనం. అందులో ఆజానుబాహువైన ఓ వృద్ధుడు. గాల్లో ఎగురుతూ వచ్చి నుదుట గుచ్చుకునే వెండి బంతులు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కథలో అసలు భయం బంతులది కాదు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఓ పిల్లవాడు, ఉన్న ఒక్క అన్నా తనను వదిలి వెళ్ళిపోతాడేమోనని భయపడుతుంటాడు. అన్న ఎక్కడికి వెళితే అక్కడికి వెనకాలే పరిగెడతాడు. ఆ బాణీలో ఉన్న దిగులంతా ఆ పిల్లవాడిదే.

స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు ఆ సినిమాలోంచి కత్తులూ నెత్తురూ తీసుకోలేదు. ఆ దిగులు బాణీని తీసుకున్నారు. రంపం హోరంతా అయ్యాక ఆ బాణీ వచ్చేసరికి, మొదటిసారి విన్న రాత్రి నేను ఇయర్‌ఫోన్లు తియ్యలేకపోయాను. 'గోల' అనుకుంటూ మొదలుపెట్టినవాణ్ణి గొంతు పట్టుకుని కూర్చున్నాను. సినిమా పిచ్చి ఉన్న పిల్లలే చెయ్యగలిగిన పని అది. అందుకే ఈ వ్యాసం ఈ పత్రికకు రాశాను. చాలునా?

ఎడమ చేతి దారి అంటే...

ఇంకో తమాషా. 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' అంటే ఎడమ చేతి దారి. ఎక్కడో విన్నట్టు లేదూ? మన వామాచారమే! వామం అంటే ఎడమ. తంత్రశాస్త్రంలో నలుగురూ నడిచే దారికి భిన్నమైన ఉపాసనా పద్ధతికి ఆ పేరు. పందొమ్మిదో శతాబ్దిలో దివ్యజ్ఞాన సమాజం స్థాపించిన మేడమ్ బ్లావట్‌స్కీ రచనల వల్ల ఆ మాట పాశ్చాత్య దేశాలకు బాగా పాకింది. అక్కడి గుప్తవిద్యల పుస్తకాల్లో రకరకాల అర్థాలు తొడుక్కుంది. ఆ సమాజం 1882లో తన కేంద్రాన్ని మార్చుకున్నది ఎక్కడికో తెలుసుగా? మన పాత సినిమా వాళ్ళందరికీ తెలిసిన మద్రాసు అడయారుకే! సంస్కృతంలో బయల్దేరిన మాట ఇంగ్లీషు వేషం వేసుకుని, స్వీడన్ చేరి, రికార్డు అట్ట మీదికి ఎక్కి, చివరికి హైదరాబాదు హాస్టల్లో నా చెవిలోకి వచ్చిందన్న మాట.

ఆ తర్వాత ఏమైంది?

తర్వాత ఏమవుతుంది? రంపం ఊరంతా మోగింది. 1990లోనే 'కార్నేజ్', 1991లో 'డిస్మెంబర్', 'గ్రేవ్' బృందాలు అదే సన్‌లైట్ స్టూడియోలో తమ తొలి ఆల్బంలు చేశాయి. 'స్టాక్‌హోమ్ సౌండు' అని ఒక పేరే స్థిరపడిపోయింది. విచిత్రం చూడండి, సరిగ్గా అదే 1991లో బాస్ కంపెనీ హెచ్ఎమ్-2 తయారీ ఆపేసింది! అసలు పెట్టె బజారులోంచి పోయింది. సెకండ్‌హ్యాండ్ పెడళ్ళ కోసం గిటారిస్టులు ఏళ్ళ తరబడి వెతుక్కున్నారు. చివరికి ముప్ఫై ఏళ్ళకి, 2021లో అదే కంపెనీ 'హెచ్ఎమ్-2డబ్ల్యు' పేరుతో దాన్ని మళ్ళీ తెచ్చింది. తయారు చేసినవాళ్ళు అనుకోని పని ఒకటి దానితో ఆ కుర్రాళ్ళు చేశారు. ఆ పని కోసమే దాన్ని మళ్ళీ తయారు చెయ్యాల్సి వచ్చింది!

బృందం కథ మాత్రం అంత సుఖాంతం కాదు. 1991లో పెట్రోవ్‌ని తీసేశారు. రెండో ఆల్బం 'క్లాండెస్టైన్' అతను లేకుండానే వచ్చింది. మళ్ళీ పిలిచారు, 1993లో వచ్చిన 'వుల్వరిన్ బ్లూస్'లో అతనే పాడాడు. 1997లో నికే వెళ్ళిపోయాడు. ఇంకొన్నేళ్ళకు పేరు ఎవరిదన్న తగాదా వచ్చింది. పెట్రోవ్ 'ఎంటూమ్డ్ ఏ.డి.' అనే పేరుతో 2014 నుంచి వేరే ఆల్బంలు తెచ్చాడు. పదిహేడేళ్ళకి కలిసి ఒక సౌండు కట్టినవాళ్ళు నలభై దాటాక పేరు కోసం విడిపోవడం... మన పరిశ్రమలో మనకి తెలియని కథా ఏమిటి?

2020 ఆగస్టులో పెట్రోవ్ తనకు పిత్తనాళంలో క్యాన్సర్ వచ్చిందని ప్రకటించాడు. 2021 మార్చి 7న చనిపోయాడు. నలభై తొమ్మిదేళ్ళు.

మా నాన్న విన్న పాట

ఆ వార్త వచ్చిన రోజున నేను మా ఊళ్ళోనే ఉన్నాను. మిల్లు ఎప్పుడో మూతబడింది. నాన్న పని మానేసి కూడా చాలా కాలమైంది. ఇరవై ఆరేళ్ళ రంపం ఆయన చెవుల దగ్గర తన కూలి వసూలు చేసుకునే వెళ్ళింది. పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు మొదట పోయేది పై స్థాయి వినికిడి. నాలుగు వేల హెర్ట్జుల దగ్గర మొదలవుతుందంటారు డాక్టర్లు. నాన్నకు కోయిల కూత వినపడదు. సెల్‌ఫోను రింగు వినపడదు. టీవీలో పాట వస్తుంటే వేణువు వచ్చే చోట ఆయనకి ఖాళీయే.

అరుగు మీద చిన్న స్పీకరు పెట్టుకుని 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' వేశాను. నాన్నకు వినపడదులే అనే ధైర్యంతోనే వేశాను. లోపల్నుంచి ఆయన లేచి వచ్చారు.

"ఏం దుంగరా అది, అబ్బాయ్?" అన్నారు.

నేను తెల్లబోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ పెడల్ పైకి ఎత్తేది వంద దగ్గరా, వెయ్యి దగ్గరా. నాన్న చెవుల్లో ఇంకా బతికున్న చోట్లే అవి!

"దుంగ కాదు నాన్నా, గిటారు."

"ఊరుకో. నాకు చెబుతావా?" అంటూ పక్కన కూర్చున్నారు. కళ్ళు మూసుకుని వింటున్నారు. "చేవున్న చెక్క. తుమ్మ అయ్యుండాలి... అదుగో, ముడి తగిలింది. చూశావా, ఎలా గింజుకుంటోందో... రంపం పళ్ళు అరిగిపోయాయిరా. ఆకురాయి పెట్టాలి దానికి. అయినా ఆపట్లేదు వాడు."

నేను అంతదాకా ఆ ఆల్బం మీద చదివిన రాతల్లో ఇంత సరైన మాట ఒక్కటీ లేదు. పళ్ళు అరిగినా ఆపట్లేదు! నేను పద్దెనిమిదేళ్ళ పాటు గోల అనుకున్న దాన్ని ఆయన అక్షరం అక్షరం చదువుకున్నారన్న మాట. ఏ చెక్కో, ఎక్కడ ముడి ఉందో, ఎప్పుడు చెయ్యి వెనక్కి తియ్యాలో ఆ మోతే ఆయనకు చెప్పేది. చెయ్యి పదివేళ్ళతో ఇంటికొచ్చింది అందుకే. తెలియనివాడికి గోల, తెలిసినవాడికి భాష. సంగీతానికైనా అంతేగా?

సినిమా బాణీ వచ్చే చోటికి పాట నెమ్మదించింది. నాన్న కళ్ళు తెరిచారు.

"ఆ అరిచినవాడెవరు?"

"పెట్రోవ్ అని... స్వీడన్ వాడు నాన్నా. చనిపోయాడు. క్యాన్సరు."

"ఎన్నేళ్ళు?"

"నలభై తొమ్మిది."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. ఇద్దరం కలిసి చివరిదాకా విన్నాం. మా ఇద్దరికీ నచ్చిన మొదటి పాట అది!

మీరూ వినాలనుకుంటే మొదటి పాటతోనే మొదలుపెట్టండి. సెల్‌ఫోను స్పీకర్లో పెట్టి 'ఏముందిందులో' అని తీసెయ్యకండి. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కింది హోరునీ పైన గరగరనీ విడివిడిగా వినండి. ఆరున్నర నిమిషాలూ ఆగండి, ఆ బాణీ వచ్చేదాకా. నచ్చకపోతే నన్ను తిట్టుకోండి, పరవాలేదు.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. నాబులు నాలుగూ చివరిదాకా తిప్పడం గిటారు వాయించేవాళ్ళ పని. వినేవాళ్ళు సౌండు సగంలోనే ఉంచుకోవాలి. చెవులు మళ్ళీ కొనుక్కునేవి కావు. కావాలంటే మా నాన్నని అడగండి, చెబుతారు.

కాస్త గట్టిగా అడగాలి, అంతే!